పాలబొంత

పాలబొంత వెచ్చని సముద్రాల తీరజలాలలోను, ఉప్పుటేరులలోను, మడ అడవుల కాలువలలోను నివసించే ఒక చేప. దీని శాస్త్రీయ నామము చానోస్ చానోస్. ఆంగ్లంలో దీనిని మిల్క్‌ఫిష్ అంటారు. నీటి అడుగున రాళ్ళమీద, బురదమీద, చెట్ల వేళ్ళమీద పెరిగే నాచును, పాచిని ముఖ్యాహారంగా చేసుకొన్న సముద్రపు చేపలలో ఇది చెప్పుకోదగినది. ఇండొనేషియా, ఫిలిప్పీన్స్, తైవాన్ దేశాలలో దీని పెంపకం శతాబ్దాలుగా సాగుతున్నది. ఆంధ్ర ప్రదేశ్‌లో గోదావరి, కృష్ణా నదుల ముఖద్వారాల వద్ద, పులికాట్ సరస్సులో ఇది లభిస్తుంది. రొయ్యల సాగుకు ప్రత్యామ్నాయంగా, లేదా తోడుగా, ఈ చేపను కోనసీమ వంటి ప్రాంతాలలో పెంచవచ్చునా అన్న విషయం వలన దీనికి తెలుగునాట ప్రాముఖ్యం ఏర్పడింది.

పేర్లు

తెల్లని మాంసము, వెండివంటి పొలుసులు గల చేప కనుక దీని పేరులో చాలా భాషలలో పాల ప్రస్తావన ఉంది. తమిళంలో దీనిని పాల్‌మీన్ అని, మలయాళంలో పూమీన్ అని పిలుస్తారు. ఫిలిప్పీన్స్‌లో బంగుస్ అని, ఇండొనేషియాలో బండెంగ్ అని వ్యవహరిస్తారు. ఫిలిప్పీన్స్ ప్రజలు బంగుస్‌ను తమ జాతీయ మత్స్యంగా భావిస్తారు గాని, అందుకు చట్టబద్ధమైన ప్రకటన ఏదీ లేదు.

బాలింతలకు పాలు పడతాయని తెలుగువారు పెట్టే పాలసొర వేరు, పాలబొంత వేరు. పాలసొర చిన్న జాతి సొరచేప. దాని అస్థిపంజరం మృదులాస్థితో ఏర్పడుతుంది. పాలబొంత ఎముకలు గల చేప. పేరులోని మొదటి మాట ఒకటే కావడం తప్ప ఈ రెండింటికీ సంబంధం లేదు.

వర్గీకరణ

ఈ చేపను శాస్త్రీయంగా మొదట వర్ణించినవాడు స్వీడన్‌కు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త పీటర్ ఫోర్స్‌కాల్. డెన్మార్క్ రాజు పంపిన అరేబియా యాత్రలో పాల్గొని ఆయన 1763లో యెమెన్‌లో మరణించాడు. ఆయన వ్రాతప్రతులను యాత్రలో సహచరుడైన కార్‌స్టెన్ నీబూర్ 1775లో ప్రచురించాడు. ఎర్రసముద్రపు చేపల వర్ణన అందులోనిదే. ఫోర్స్‌కాల్ దీనిని కత్తిపరిగెల ప్రజాతియైన మ్యూజిల్‌లో చేర్చాడు. తరువాత 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపేడ్ దీనికి చానోస్ అనే ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచాడు.

చానిడే కుటుంబంలో నేడు జీవించి ఉన్న జాతి ఇది ఒక్కటే. మిగిలిన బంధువులన్నీ శిలాజాలుగా మాత్రమే తెలుసు. వాటిలో కొన్ని క్రెటేషియస్ యుగపు తొలినాళ్ళ శిలలలో దొరికాయి. చూపులకు కత్తిపరిగెను పోలినా, దీని దగ్గరి చుట్టరికం మన చెరువులలోని శీలావతి, బొచ్చె మొదలైన గండుచేపలు గల మహాసమూహంతో అని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు.

శరీర లక్షణాలు

శరీరం కదురు ఆకారంలో పొడవుగా, రెండు కొసల సన్నగిల్లి ఉంటుంది. వీపు నీలం, ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు. ప్రక్కలు వెండి తెలుపు. తోక లోతుగా చీలి ఉంటుంది. వీపుమీద రెక్క ఒక్కటే. కంటిమీద పారదర్శకమైన కొవ్వుపొర కప్పి ఉంటుంది. నోరు చిన్నది, దానిలో పళ్ళు ఉండవు. మొప్పల లోపలివైపు సన్నని దువ్వెనవంటి అమరిక ఉండి, మ్రింగిన నీటిలోని సూక్ష్మమైన ఆహారాన్ని వడగడుతుంది. నాచును జీర్ణం చేసుకొనేందుకు వీలుగా పేగు చాలా పొడవుగా, చుట్టలు చుట్టుకొని ఉంటుంది.

సముద్రంలో పూర్తిగా ఎదిగిన చేప 1.8 మీటర్ల పొడవు, 14 కిలోల బరువు వరకు పెరిగిన దాఖలాలు ఉన్నాయి. సాధారణంగా ఒక మీటరుకు లోపే ఉంటుంది. చెరువులలో పెంచినవాటిని 300 నుండి 500 గ్రాముల బరువు రాగానే అమ్ముతారు. చేప చాలా చురుకైనది. అలికిడి అయితే నీటి పైకి ఎగిరి దూకుతుంది.

ఆహారం

పిల్లదశలో ఇది నీటిలో తేలియాడే సూక్ష్మజీవులను తింటుంది. పెరిగేకొద్దీ అడుగుభాగపు మేతకు అలవాటు పడుతుంది. నీలి ఆకుపచ్చ శైవలాలు, డయాటములు, మెత్తని తీగనాచు, వాటిలో దాగిన చిన్న పురుగులు, క్రిములు దీని ఆహారం. వీటన్నిటి మిశ్రమం చెరువు అడుగున చాపవలె అల్లుకొంటుంది. ఫిలిప్పీన్స్ రైతులు ఈ పాచిచాపను లాబ్‌లాబ్ అంటారు. ఆ పేరే మత్స్యశాస్త్ర గ్రంథాలలోనూ స్థిరపడింది.

పండుగప్ప వంటి చేప ఇతర చేపలను తిని పెరుగుతుంది. కనుక దాని పెంపకంలో చిన్నచేపలో, చేపలపిండి కలిపిన మేతో వాడవలసి వస్తుంది. పాలబొంత ఎండ, నీరు, నేల కలిసి ఉత్పత్తి చేసిన పాచినే మాంసంగా మారుస్తుంది. తక్కువ పెట్టుబడితో పెంచదగిన చేపగా దీనికి పేరు రావడానికి ఇదే కారణం.

రాతితీరము, బురదతీరము

సముద్రపు నాచు పెరగడానికి పట్టుకొనే ఆధారం కావాలి. పెద్ద నాచు మొక్కలకు వేళ్ళు ఉండవు. అడుగున ఉన్న పట్టుతో అవి రాతిని అంటిపెట్టుకొంటాయి. ఆ పైన వెలుతురు చొరబడే తేటనీరు కావాలి. విశాఖపట్నం, భీమునిపట్నం ప్రాంతాలలో కొండరాళ్ళు సముద్రంలోకి దిగి ఉన్నందున అక్కడ ఆటుపోట్ల నడుమ రాళ్ళు నాచుతో పచ్చగా కనిపిస్తాయి. ఈ నాచు మొక్కలపై ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు 1960ల నుండి పరిశోధనలు చేశారు. అటువంటి రాతితీరాలలో నాచును మేసే చేపల సమూహాలు వేరే ఉన్నాయి.

కోనసీమ తీరం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ఇక్కడ సహజమైన రాయి లేదు. గోదావరి తెచ్చిన ఒండ్రు, ఇసుక, బురదలతో ఏర్పడిన నేల ఇది. జులై నుండి సెప్టెంబరు వరకు వరదనీరు ఎర్రగా సముద్రంలో కలుస్తుంది. ఆ రోజులలో వెలుతురు నీటి అడుగుకు చేరదు, నీటి ఉప్పదనం పడిపోతుంది. కనుక రాతితీరాల పెద్ద నాచు ఇక్కడ నిలదొక్కుకోలేదు. దాని స్థానంలో బురదనేలపై, మడచెట్ల వేళ్ళపై, ఉప్పుటేరుల అంచులలో, పాత చెరువుల అడుగున పలుచని పాచి పొరలు, తీగనాచు పెరుగుతాయి. సముద్ర దీవుల వద్ద పగడపు రాళ్ళ మీది నాచును మేసే పాలబొంత, కోనసీమలో ఈ బురద పాచిని మేస్తుంది. రెండు రకాల తీరాలలోనూ బ్రతకగలగడం ఈ చేప ప్రత్యేకత.

జీవితచక్రం

పాలబొంత గ్రుడ్లు పెట్టేది సముద్రంలోనే. మంచినీటి చెరువులోగాని, ఉప్పుటేరులోగాని ఇది సహజంగా సంతానాన్ని కనదు. పూర్తి ఉప్పదనం గల తేటనీటిలో ఆడచేప లక్షల సంఖ్యలో గ్రుడ్లు విడుస్తుంది. మిల్లీమీటరు కంటే కొంచెం పెద్దవైన ఆ గ్రుడ్లు నీటిలో తేలుతూ సుమారు ఒక రోజులో పొదుగుతాయి. రెండు మూడు వారాల వయసు వచ్చేసరికి పిల్లలు తీరానికి చేరుకొంటాయి. అప్పటికి వాటి పొడవు 10 నుండి 17 మిల్లీమీటర్లు. గాజుముక్కవలె శరీరం పారదర్శకంగా ఉండి, రెండు నల్లని కళ్ళు మాత్రమే కనిపిస్తాయి.

పోటునీటితో ఈ పిల్లలు ఉప్పుటేరులలోకి, మడ అడవులలోకి ప్రవేశిస్తాయి. పెద్దచేపలు చేరలేని లోతులేని నీటిలో పాచి మేస్తూ కొన్ని నెలలు ఎదుగుతాయి. తరువాత తిరిగి సముద్రానికి పోతాయి. సంతానోత్పత్తి వయసు రావడానికి సుమారు ఐదేళ్ళు పడుతుంది.

మంచినీటి నుండి సముద్రం కంటే ఉప్పగా మారిన చెరువునీటి వరకు అన్ని రకాల నీటినీ ఇది తట్టుకొంటుంది. ఎండకాలంలో చెరువు ఇగిరి నీరు చేదెక్కినప్పుడు ఎన్నో చేపలు చనిపోయినా ఇది నిలుస్తుంది. చలిని మాత్రం ఓర్వలేదు. నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఉంటే మేత తగ్గించి మందగిస్తుంది. కోనసీమలో చలి తీవ్రం కానందున ఏడాది పొడవునా నీటి వెచ్చదనం దీనికి అనుకూలమే.

కోనసీమలో

కోనసీమ గోదావరి డెల్టాలో గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఉన్న భూభాగం. వసిష్ఠ నుండి చీలిన వైనతేయ పాయ దీనిని మరల రెండుగా విభజిస్తుంది. వసిష్ఠ అంతర్వేది వద్ద, వైనతేయ ఓడలరేవు వద్ద సముద్రంలో కలుస్తాయి. ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. అదే ఏడాది జిల్లాకు డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు మార్చారు.

కొత్తపేట, రావులపాలెం వైపు ఎగువ భాగం కొబ్బరి, అరటి తోటలతో, వరిచేలతో నిండిన మంచినీటి నేల. పాలబొంతకు సంబంధించిన ప్రదేశం దిగువన ఉంది. సఖినేటిపల్లి, మలికిపురం, మామిడికుదురు, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల తీరభాగాలలో ఉప్పుటేరులు, పర్రభూములు, రొయ్యల చెరువులు ఉన్నాయి. కాట్రేనికోన మండలంలోని బలుసుతిప్ప వైపు మడ అడవులు విస్తరించి ఉన్నాయి. పోటునీటితో వచ్చే చేపపిల్లలకు ఇవి ఆశ్రయం. కత్తిపరిగె, పండుగప్ప, రొయ్య పిల్లలతో పాటు పాలబొంత పిల్లలు కూడా ఈ కాలువలలో ఎదుగుతాయి. జాలరులు విసురువలలతో, కట్టువలలతో పట్టే మిశ్రమ చేపలలో ఇది కనిపిస్తుంది.

1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వలన డెల్టాలో మంచినీటి కాలువలు, వాటితో పాటు మురుగు కాలువలు ఏర్పడ్డాయి. పొలాలలో మిగిలిన నీరు ఈ మురుగు కాలువల ద్వారా ఉప్పుటేరులలోకి, అక్కడినుండి సముద్రంలోకి పోతుంది. అదే దారిలో పోటునీరు వెనక్కి వస్తుంది. కనుక వరి రైతుకు నీరు దిగే దారి, చేపపిల్లకు లోనికి వచ్చే దారి ఒక్కటే. కాలువ ముఖం ఇసుకతో పూడిపోతే పైన పొలం మునుగుతుంది, క్రింద చేపపిల్ల ఆగిపోతుంది. మురుగునీటి పారుదల సరిగా లేకపోవడం 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వరిసాగుకు విరామం ప్రకటించడానికి గల కారణాలలో ఒకటి.

రొయ్యల సాగు, పాలబొంత

1990ల తొలి సంవత్సరాలలో ఆంధ్ర తీరమంతటా టైగర్ రొయ్యల సాగు వేగంగా వ్యాపించింది. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి వచ్చి చెరువులు వరుసగా దెబ్బతిన్నాయి. 1996 డిసెంబరు 11న సుప్రీం కోర్టు తీరప్రాంతపు రొయ్యల సాగుపై కఠినమైన తీర్పు ఇచ్చింది. సాగును క్రమబద్ధం చేయడానికి 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009 నుండి వనామి రొయ్య ప్రవేశించి, తరువాతి కాలంలో టైగర్ రొయ్య స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. 2025లో అమెరికా భారతదేశపు సరుకులపై సుంకాలు భారీగా పెంచినప్పుడు, ఎగుమతిపై ఆధారపడిన రొయ్య రైతులకు మరొకసారి ఇబ్బంది ఎదురయింది.

ఈ చరిత్రలో రైతుకు కలిగిన కష్టం రెండు రకాలు. వ్యాధి వచ్చినప్పుడు పంట ఒక్క వారంలో పోతుంది. ధర పడినప్పుడు పంట ఉన్నా అప్పు తీరదు. మేత, సీడ్, కరెంటు, మందుల ఖర్చు ముందే పెట్టవలసి ఉంటుంది గనుక చిన్నరైతుకు ఒక్క పంట పోయినా కోలుకోవడం కష్టం. అలా వదిలివేసిన చెరువులో వరి పండదు. నేలలో ఉప్పు దిగి ఉంటుంది. పొరుగున ఉన్న పొలాలలోకి, మంచినీటి బావులలోకి ఉప్పదనం వ్యాపించడంపై ఫిర్యాదులు కూడా ఉన్నాయి.

ఇటువంటి నేలలో పాలబొంత పెంపకానికి మూడు అనుకూలతలు ఉన్నాయి. మొదటిది, రొయ్యల తెల్లమచ్చ వ్యాధి క్రిమి చేపలకు సోకదు. రెండవది, మేత ఖర్చు తక్కువ. మూడవది, ఖాళీగా పడిఉన్న ఉప్పు చెరువునే వాడుకోవచ్చును. క్రొత్త పొలాన్ని త్రవ్వనక్కరలేదు. రొయ్యలతో కలిపి తక్కువ సంఖ్యలో పాలబొంతను పెంచితే, అది అధికంగా పెరిగే పాచిని తిని చెరువును అదుపులో ఉంచుతుందని ఇండొనేషియా, ఫిలిప్పీన్స్ అనుభవాలు తెలుపుతున్నాయి.

అయితే లోపాలూ ఉన్నాయి. పాలబొంతకు రొయ్యవలె ఎగుమతి ధర రాదు. ముళ్ళు ఎక్కువ కనుక స్థానిక సంతలో గిరాకీ పరిమితం. కాబట్టి ఇది రొయ్యకు సమానమైన ఆదాయం ఇచ్చే పంట కాదు. నష్టభయం తగ్గించే పంట మాత్రమే.

పెంపకపు విధానం

తూర్పు ఆసియాలో వాడుకలో ఉన్న సంప్రదాయ పద్ధతి ఇది. చెరువులోని నీరంతా తీసివేసి, అడుగు నేల బీటలు వారేవరకు ఎండబెడతారు. సున్నము, పశువుల లేక కోళ్ళ ఎరువు చల్లుతారు. తరువాత అరచేయి లోతు నీరు మాత్రమే పెట్టి పాచి అంకురించేలా చూస్తారు. పాచి అల్లుకొన్న కొలదీ నీటి మట్టాన్ని కొద్దికొద్దిగా పెంచి 40, 50 సెంటీమీటర్ల వరకు తీసుకువస్తారు. ఆపైన చేపపిల్లలను వదులుతారు. పై మేత లేకుండా పెంచే పద్ధతిలో హెక్టారుకు కొన్ని వేల పిల్లలకు మించి వదలరు. ఐదు నుండి ఎనిమిది నెలలలో చేప అమ్మకానికి వస్తుంది.

నీరు లోతు లేనందున రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఎండాకాలంలో నీరు మితిమీరి వేడెక్కుతుంది. పెద్ద వర్షం పడితే పాచిచాప అడుగునుండి ఊడి పైకి తేలి కుళ్ళుతుంది. ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి. తుఫానులు వచ్చే అక్టోబరు, నవంబరు నెలలలో కోనసీమ రైతు ఈ విషయంలో జాగ్రత్త వహించవలసి ఉంటుంది.

ఫిలిప్పీన్స్‌లో పోటునీరు తూముల ద్వారా తనంతట తాను చెరువులలోకి ఎక్కుతుంది. గోదావరి ముఖద్వారం వద్ద ఆటుపోట్ల తేడా సుమారు ఒకటి, ఒకటిన్నర మీటరు మాత్రమే. అదైనా అమావాస్య, పౌర్ణమి రోజులలోనే. కనుక ఇక్కడ చాలా చెరువులకు నీటిని మోటార్లతో ఎక్కించవలసి వస్తుంది.

చేపలను పట్టడంలో ఒక తేలిక ఉంది. పాలబొంత ప్రవాహానికి ఎదురీదే స్వభావం గలది. పోటు సమయంలో తూము తెరిస్తే క్రొత్తనీటికి ఎదురుగా చేపలన్నీ తూము దగ్గరకు గుమిగూడతాయి. అప్పుడు వలవేసి పట్టుకొంటారు. నీరంతా తీసి బురదలో పట్టడం కంటే ఇది మేలు. పొలుసులు రాలవు, మాంసానికి బురదవాసన అంటదు.

విత్తనం

ప్రపంచమంతటా చాలా కాలం పాటు సముద్రతీరంలో సహజంగా దొరికే పిల్లలనే పట్టి చెరువులలో పెంచారు. భారతదేశంలో తమిళనాడు తీరం ఇందుకు ప్రసిద్ధి. సహజ విత్తనం ఒక ఏడాది ఎక్కువగా, మరొక ఏడాది తక్కువగా వస్తుంది. పైగా ఇతర జాతుల పిల్లలు కూడా వలలో పడి నశిస్తాయి. 1970ల చివరినుండి ఫిలిప్పీన్స్, తైవాన్ దేశాలలో కృత్రిమంగా పిల్లలను పుట్టించే పద్ధతులు అభివృద్ధి చెందాయి.

భారతదేశంలో చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలజీవ సంవర్ధన సంస్థ, అనగా సీబా, 2015లో తన ముట్టుకాడు కేంద్రంలో బంధనంలో పెంచిన పాలబొంతలచేత మొదటిసారిగా గ్రుడ్లు పెట్టించి పిల్లలను ఉత్పత్తి చేసింది. దీనితో హేచరీ విత్తనాన్ని రైతులకు అందించడం సాధ్యపడింది. విత్తనం కోసం మడ అడవుల కాలువలను గాలించవలసిన అవసరం తగ్గడం దీనివలన కలిగిన మరొక లాభం.

ఉత్పత్తి, వంట

ప్రపంచంలో ఏటా పది లక్షల టన్నులకు పైగా పాలబొంత పెంపకం ద్వారా లభిస్తున్నది. అందులో అత్యధిక భాగం ఇండొనేషియా, ఫిలిప్పీన్స్ దేశాలది.

మాంసం తెల్లగా, రుచిగా ఉంటుంది. ఇబ్బంది అంతా ముళ్ళతోనే. కండల నడుమ వెంట్రుకలవంటి సన్నని ముళ్ళు సుమారు 200 ఉంటాయి. గోదావరి జిల్లాలలో పులసను ముళ్ళు ఉన్నా ఎంతో ఖరీదుపెట్టి కొని తింటారు; పాలబొంతకు ఆ గౌరవం దక్కలేదు. పెద్ద చేపను పులుసుగా, చిన్నవాటిని ఒంటికి అడ్డుగా దగ్గరదగ్గరగా గాట్లు పెట్టి వేపుడుగా వండుకొంటారు. గాట్లవలన ముళ్ళు చిన్న ముక్కలుగా తెగి నూనెలో కరకరలాడతాయి.

ఫిలిప్పీన్స్‌లో నేర్పరులైన పనివారు ముళ్ళన్నీ ఏరివేసి చేపను అమ్ముతారు. ఇది అనేకమందికి ఉపాధి. ఇండొనేషియాలో బండెంగ్ ప్రెస్టో అనే వంటకం ఉంది. చేపను ఆవిరి ఒత్తిడిలో చాలాసేపు ఉడికించగా ముళ్ళు మెత్తబడి నమలడానికి వీలవుతుంది. మన వంటిళ్ళలోని ప్రెషర్ కుక్కరు పనిచేసే సూత్రమూ ఇదే.

పరిరక్షణ

పాలబొంత ప్రపంచంలో అంతరించే ప్రమాదంలో ఉన్న చేప కాదు. హిందూ, పసిఫిక్ మహాసముద్రాలలో ఇది విస్తారంగా ఉంది. కాని ఒక ప్రాంతంలో దాని మనుగడ ఆ ప్రాంతపు ఉప్పుటేరులపై ఆధారపడుతుంది. మడచెట్లు నరికి చెరువులు త్రవ్వడం, కాలువల ముఖాలు పూడిపోవడం, చెరువులలోని మురుగునీటిని శుద్ధి చేయకుండా ఏరులలోకి వదలడం, సన్నకన్ను వలలతో పిల్లచేపలను పట్టడం దీనికి హాని చేసే అంశాలు. నదిపై ఎగువన కట్టిన జలాశయాలలో ఒండ్రు ఆగిపోవడంవలన గోదావరి డెల్టా తీరం కొన్నిచోట్ల కోతకు గురవుతున్నదని పరిశోధకులు గుర్తించారు. అంతర్వేది పరిసరాలలో సముద్రం ముందుకు రావడం గ్రామస్థులకు అనుభవమే.

మడ అడవి ఒకేసారి అలల తాకిడికి అడ్డుగాను, చేపపిల్లలకు పొదుగుగాను ఉంటుంది. దానిని కోల్పోయిన తీరంలో హేచరీ విత్తనంతో చెరువులు నింపవచ్చును గాని, వలతో ఏటిలో వేటాడి బ్రతికే జాలరి కుటుంబానికి చెరువు ఉండదు. ఏటిలోకి పోటునీరు, దానితో చేపపిల్ల వచ్చినంత కాలమే అతనికి జీవనాధారం. ఈ కారణంచేత పాలబొంత వంటి చేపల పరిరక్షణ కోనసీమలో ముఖ్యంగా కాలువల పరిరక్షణ అవుతుంది.